పద్నాలుగో నంబరు ఫోల్డరు

ఆ రోజు భద్రతాధికారి పెట్టుకున్న పనులు రెండే. పొద్దున ఆఫీసుకు బయలుదేరేలోపు అత్తగారి కంప్యూటర్ ఆటలో కోళ్ళకు కొత్త గొంతు పెట్టాలి. మధ్యాహ్నం ఆఫీసులో ఫైర్ డ్రిల్ నడిపి భవనం మొత్తం ఖాళీ చేయించాలి. మొదటిది ఇంట్లో పరువు నిలబెట్టుకోవడానికి, రెండోది ఉద్యోగం నిలబెట్టుకోవడానికి. ఈ రెండు పనులకూ ఏ సంబంధమూ లేదన్న ధీమాతోనే అతను పళ్ళు తోముకున్నాడు.

ముందు ఉద్యోగం సంగతి చెప్పుకోవాలి. అతను పనిచేసేది ఒక బీమా కంపెనీ శాఖలో. ఆ ఐదంతస్తుల భవనానికి నిప్పంటుకుంటే జనం ఎలా బయటపడాలో నేర్పడం అతని పని. జనం మంచివాళ్ళే గానీ కుర్చీలోంచి లేవరు. కిందటిసారి స్పీకర్లలో "దయచేసి అందరూ మెట్ల మార్గం ద్వారా" అని వినిపిస్తుంటే, ఒకావిడ చప్పుడు ఎక్కువైందని కిటికీ మూసింది. ఇంకొకాయన ఫోనులో, "ఏం లేదండీ, మా ఆఫీసులో మంటలంట, మీరు చెప్పండి" అన్నాడు. జీతాల విభాగంలో ఒక గుమాస్తా ఉన్నాడు, అందరూ ఆయన్ని 'స్తంభం' అంటారు. ఆయన నింపాదిగా లేచి వెళ్ళి, ప్రకటనలు వినిపించే యంత్రం స్విచ్చి కట్టేసి, మళ్ళీ వచ్చి తన మూలలో కూర్చున్నాడు. పనివేళల్లో ఆయన సీటు వదలడం ఆఫీసు చూసింది ఆ ఒక్కసారే.

ఈ కథంతా ప్రధాన కార్యాలయం దాకా వెళ్ళింది. ఈసారి డ్రిల్‌కు తనిఖీ అధికారిణి స్వయంగా వస్తుందని కబురు పంపారు. భవనం ఖాళీ అయితే సరే. కాకపోతే ఆ శాఖకు భద్రతాధికారి ఉన్నా లేనట్టే కనుక, అతన్ని ఊరి బయట పాత ఫైళ్ళ గోడౌనుకు మారుస్తారు. అక్కడ ప్రమాదం నుంచి తప్పించడానికి మనుషులుండరు. అతనికి నిద్రలో కూడా ఆ గోడౌను కనిపిస్తోంది.

ఇక అతని పద్ధతి గురించి. అతను వస్తువులకు పేర్లు రాయడు, నంబర్లు వేస్తాడు. పేరైతే మనిషికో రకంగా పిలుస్తారు, నంబరుతో ఆ బెడద ఉండదంటాడు. ఆఫీసులో మంటలార్పే సిలిండర్ల దగ్గర్నుంచి మెట్ల మీది హెచ్చరిక బోర్డుల దాకా అన్నిటికీ నంబర్లే. అదే పద్ధతిని ఇంటికీ తెచ్చాడు. వంటింట్లో ఏ డబ్బా మీదా ఉప్పు అనో చక్కెర అనో ఉండదు. ఆరు, ఏడు అని ఉంటుంది. అతని భార్య బడిలో లెక్కలు చెబుతుంది. నంబర్లంటే ఆమెకు గౌరవమే గానీ, అవి పొయ్యి దాకా రావడం నచ్చదు. పెళ్ళయిన కొత్తలో ఏడుకు బదులు ఆరు కలిపిన టీ ఇచ్చింది. అతను కప్పు ఖాళీ చేసి, "తప్పు నంబర్లది కాదు" అన్నాడు. ఆ మాట ఆమె ఇప్పటికీ మర్చిపోలేదు.

అత్తగారు ఆడపిల్లల బడిలో పీటీ టీచరుగా పనిచేసి రిటైరయింది. మోకాలికి ఆపరేషన్ జరిగి కూతురింట్లో కోలుకుంటోంది. కాలక్షేపానికి కూతురు కంప్యూటర్‌లో ఒక పొలం ఆట పెట్టించింది. అందులో విత్తనాలు చల్లాలి, ఆవుల్ని కడగాలి, తెల్లారగానే గూడు తెరిచి కోళ్ళను బయటికి పంపాలి. ఆవిడకు అన్నీ నచ్చాయి, ఒక్కటి తప్ప. ఆ ఆటలో కోళ్ళను ఈల వేసి పిలుస్తారు.

"ఈలకి కదిలితే అవి కోళ్ళెందుకవుతాయి అల్లుడుగారూ?" అంది. "నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ మెళ్ళో ఈల వేసుకుని తిరిగాను. అది విని ఒక్క పిల్ల కదిలితే ఒట్టు. గొంతు ఉండాలి, గొంతు!"

అల్లుడు వెతికాడు. ఆటను తయారుచేసిన వాళ్ళు పెట్టని సరుకును ఇంకెవరో తయారుచేస్తే, దాన్ని మనం తెచ్చి ఆటలో చేర్చుకోవచ్చట. దాన్ని మోడ్ అంటారట. కోళ్ళకు సొంత గొంతు పెట్టుకునే మోడ్ కూడా దొరికింది. అందుకు ఐదు ముక్కలు రికార్డు చేయాలి. మొదటిది కోళ్ళను లేపడానికి, రెండోది బయటికి పంపడానికి, మూడోది మొరాయించేవాటికి, నాలుగోది బయట వరసలో నిలబెట్టడానికి, ఐదోది తిరిగి గూట్లోకి తోలడానికి. ముందురోజు సాయంత్రం అతను ఫోను పట్టుకుని అత్తగారి ఎదురుగా కూర్చున్నాడు.

"కొంచెం మెల్లగా అత్తయ్యగారూ, ఫోను పక్కనే ఉంది."

"ఫోను పక్కనుంటే ఏంటి నాయనా, కోళ్ళు దూరంగా ఉన్నాయిగా."

ఆవిడ మొదటి ముక్క అందుకోగానే వంటింట్లో కూతురు చేతిలో గరిటెతో నిటారుగా నిలబడిపోయింది. ఎందుకు నిలబడిందో ఆమెకే తెలియదు. ఐదు ముక్కలూ అయిపోయాక గానీ కూరలో గరిటె తిప్పలేదు.

విచిత్రమేమిటంటే ఆఫీసు ప్రకటనలూ ఐదే. లేవమనేది ఒకటి, బయటికి నడవమనేది ఒకటి, ఆలస్యం చేసేవాళ్ళకు ఒకటి, ఆవరణలో వరసగా నిలబడమనేది ఒకటి, తిరిగి లోపలికి రమ్మనేది ఒకటి. ఎవరి మనసూ నొప్పించకూడదని మేనేజరు పట్టుబట్టడంతో, ఈసారి వాటిని రిసెప్షన్ అమ్మాయి చేత తేనె పూసినట్టు చెప్పించి ఫోనులో రికార్డు చేశాడు. వాటి నకలు ఒకటి ఇంటి కంప్యూటర్‌లో దాచాడు. ఒకే కప్పు కింద రెండు నకళ్ళున్నా అవి ఒక నకలు కిందే లెక్క అని అతని నమ్మకం. అందుకని ఆఫీసు సరుకు నకలు ఇంట్లో, ఇంటి సరుకు నకలు ఆఫీసులో ఉంచుతాడు. ఆఫీసు వరసలో ప్రకటనల ఫోల్డరు నంబరు పద్నాలుగు. ఇంటి వరసలో వంటింటి డబ్బాలు పదమూడుతో అయిపోయాయి కనుక, కోళ్ళ ఫోల్డరుకూ పద్నాలుగే వచ్చింది.

పొద్దున అతను కంప్యూటర్ ముందు కూర్చుని, మోడ్ పెట్టుకునే సూచనలున్న పేజీ తెరిచి పైకి చదివాడు. ఎక్కడ సూచనలు కనిపించినా పైకి చదవడం అతనికి అలవాటు.

"ముందుగా ఆట మూసేయవలెను. మూసేయండి అత్తయ్యగారూ."

"ఆగండి, ఆవుకి ఒక పక్కే కడిగాను."

రెండో పక్క కూడా కడిగేదాకా ఆగాడు. తర్వాత, ఆటలోని అసలు శబ్దాల ఫోల్డరుకు నకలు తీసి వేరేచోట పెట్టుకోమంది పేజీ. కంప్యూటర్‌లో ఒక నకలు, జేబులోని పెన్‌డ్రైవ్‌లో ఒక నకలు పెట్టాడు. ఇంత జాగ్రత్తగా మోడ్ పెట్టుకున్న మనిషి ఆ పేజీ రాసినవాళ్ళకు కూడా తగిలి ఉండడు. ఆ తర్వాత అసలు పని. కొత్త ఫోల్డరులోని ఫైళ్ళను ఆటలోని శబ్దాల ఫోల్డరులోకి కాపీ చేయాలి. ఫోల్డరు లోపల ఫోల్డరు పడకుండా చూసుకోవాలి. పాతవాటి స్థానంలో పెట్టమంటారా అని కంప్యూటర్ అడిగితే సరేననాలి.

ఎలాగూ కూర్చున్నాం కదా అని, కొత్త ప్రకటనలను కూడా ఆఫీసుకు పట్టుకెళ్ళడానికి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిద్దామనుకున్నాడు. రెండు ఫోల్డర్లనూ తెర మీద పక్కపక్కనే తెరిచాడు. ఎడమ వైపు కోళ్ళ పద్నాలుగు, కుడి వైపు ఆఫీసు పద్నాలుగు. రెండింట్లోనూ ఒకటి నుంచి ఐదు దాకా ఫైళ్ళు బుద్ధిగా వరసలో ఉన్నాయి. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి కేక వినిపించింది.

"ఏవండీ, ఏడో డబ్బాలో ఏముండాలి?"

"ఏడులో ఏడుండాలి."

"ఏడులో ఆరుంది!"

ఇది చిన్న విషయం కాదు. అతను లేచి వెళ్ళి, వేలితో రుచి చూసి, నిన్న డబ్బాలు కడిగినప్పుడు మూతలు తారుమారయ్యాయని తేల్చి, మూతలు మార్చి వచ్చాడు. ఈలోగా అత్తగారు తెర ముందుకు జరిగింది. కడిగిన ఆవు బొమ్మ వెనకాల ఎక్కడో ఉండాలి, ఇవేవో అడ్డంగా ఉన్నాయి. ఒకదాన్ని అటూ ఇంకొకదాన్ని ఇటూ జరిపి చూసింది. ఆవు కనిపించలేదు. నిట్టూర్చి వెనక్కి వాలింది.

అల్లుడు వచ్చి ఎడమ వైపుదాన్ని ఆటలోకి కాపీ చేశాడు. పాతవాటి స్థానంలో పెట్టమంటారా అని అడిగితే సరేనన్నాడు. కుడి వైపుదాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాడు. అందులో పాత డ్రిల్ ప్రకటనలున్నాయి కనుక మళ్ళీ అదే ప్రశ్న వచ్చింది. దానికీ సరేనన్నాడు. చివరగా, ఆట తెరిచి అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకోమంది పేజీ. తెరిచాడు. ఆటలో చీకటిగా ఉంది.

"ఇప్పుడు గూడు తెరవకండి" అంది అత్తగారు. "పాపం నిద్రపోతున్నాయి. మధ్యలో లేపితే గుడ్లు పెట్టవు."

"మరి సరిచూసేదెలా?"

"తెల్లారాక నేను చూసుకుంటాలెండి."

అయినా అతను ఊరికే లేవలేదు. ఆటలో ఫైళ్ళు లెక్కపెట్టాడు, ఐదున్నాయి. పెన్‌డ్రైవ్‌లో లెక్కపెట్టాడు, అక్కడా ఐదున్నాయి. నంబర్లు సరిపోయాక ఇక వినాల్సిన అవసరమేముంది? చక్కెర వేసిన టీ తాగి, పెన్‌డ్రైవ్ జేబులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్ళాడు.

ఆఫీసులో యంత్రాన్ని ఈసారి ఇనప బీరువాలో పెట్టించాడు. స్తంభం చేతికి అందకుండా చేసిన ఏర్పాటు అది. సమయం పెట్టి తాళం వేస్తే చాలు, యంత్రం తనంతట తాను మొదలై, ఐదు ప్రకటనలూ పూర్తయ్యేదాకా ఆగదు. ఎవరు ఎంత మొత్తుకున్నా ఆగదని చెప్పుకుని మురిసిపోయాడు కూడా. ముందే వినిపించి చూస్తే జనానికి డ్రిల్ సంగతి తెలిసిపోతుంది. అందుకని పెన్‌డ్రైవ్‌లోని పద్నాలుగును యంత్రంలోకి కాపీ చేసి, అడిగిన ప్రశ్నకు సరేనని, ఫైళ్ళు లెక్కపెట్టి తాళం వేశాడు. తనిఖీ అధికారిణి తాళంచెవి తీసుకుని తన సంచీలో వేసుకుంది. ఆవిడ ఎక్కువగా మాట్లాడదు. చూస్తుంది, కాగితం మీద ఏదో రాసుకుంటుంది.

భోజనాలయ్యాక, డ్రిల్‌కు ఇంకా కాస్త వ్యవధి ఉందనగా, అతని ఫోను మోగింది.

"అల్లుడుగారూ, తెల్లారింది" అంది అత్తగారు.

"ఎక్కడండీ?"

"ఎక్కడేంటి, పొలంలో! గూడు దగ్గర ఎవరో అమ్మాయి మాట్లాడుతోంది."

"అది మీ గొంతేనండీ. రికార్డయితే కొంచెం వేరుగా వినిపిస్తుంది."

"నేను కోళ్ళని పట్టుకుని 'గౌరవనీయులైన సహోద్యోగులారా' అంటానా?"

అతను ఫోనును చెవికి ఇంకాస్త గట్టిగా ఆనించుకున్నాడు.

"లిఫ్టు వాడొద్దంటోంది కూడా" అంది ఆవిడ. "కోళ్ళకి లిఫ్టేంటి నాయనా?"

"కోళ్ళు కదిలాయా అత్తయ్యగారూ?" ఎందుకడిగాడో అతనికే తెలియదు. వృత్తిరీత్యా వచ్చిన ప్రశ్న.

"ఒక్కటీ కదల్లేదు. నేను గూడు తలుపు తీస్తేగా! అంత మెత్తగా చెబితే తీయబుద్ధి కూడా కాలేదు. ఇంతకీ నా గొంతేమైంది?"

ఆవిడ గొంతు ఎక్కడుందో అతనికి ఇప్పుడు స్పష్టంగా తెలుసు. మూడో అంతస్తులో, ఇనప బీరువాలో, ఎవరూ ఆపలేని యంత్రంలో ఉంది. ఫోను పెట్టేసి మెట్లవైపు పరుగుతీశాడు. మలుపు దగ్గర తనిఖీ అధికారిణి నిలబడి, గోడమీది తొమ్మిదో నంబరు బోర్డును చదువుతోంది. మెట్ల మీద పరుగెత్తరాదు అని దానిమీద రాయించింది అతనే. ఆవిడ బోర్డు వంకా అతని వంకా చూసి ఏదో రాసుకుంది. అతను పరుగు ఆపి, మిగిలిన మెట్లు చేతికమ్మి పట్టుకుని ఒక్కొక్కటిగా ఎక్కాడు.

"మేడమ్, బీరువా తాళంచెవి ఒక్కసారి ఇస్తారా?"

"ఎందుకు?"

"ఫోల్డరు మారింది మేడమ్."

"ఏ ఫోల్డరు?"

"పద్నాలుగు."

"దాని బదులు ఏది వచ్చింది?"

"పద్నాలుగే."

ఆవిడ కాగితం మీద రాయబోయి ఆగింది. "పద్నాలుగు ఉండాల్సిన చోట పద్నాలుగు ఉంది. ఇందులో ఇబ్బందేంటి?"

"ఇది కోళ్ళ పద్నాలుగు మేడమ్."

ఆవిడ 'కోళ్ళు' అని రాసుకుని, సంచీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది. ఆవిడ వెంట తిరుగుతున్న మేనేజరు అతన్ని మోచేయి పట్టుకుని గోడవారకు లాక్కెళ్ళాడు.

"డ్రిల్ తప్పించుకోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకలేదా? కోళ్ళేంటయ్యా?"

"నిజం సార్. అందులో మా అత్తగారు..."

"ఇంట్లో గొడవలు ఇంట్లోనే పెట్టుకోవాలి. అయినా గోడౌను మరీ అంత చెడ్డ చోటేం కాదులే. గాలి బాగా వస్తుందట."

ఇక మిగిలింది ఒకటే దారి. జనాన్ని ముందుగా హెచ్చరిస్తే, కనీసం పరువైనా దక్కుతుంది. అతను జీతాల విభాగంలోకి వెళ్ళి, గొంతు సవరించుకుని, "ఇంకాసేపట్లో స్పీకర్లలో ఒక గొంతు వినిపిస్తుంది. దయచేసి ఎవరూ పట్టించుకోకండి" అన్నాడు.

"మేం ఎప్పుడు పట్టించుకున్నాం గనక?" అన్నాడు స్తంభం, తల ఎత్తకుండానే.

వెనకాల చప్పుడైతే అతను తిరిగి చూశాడు. తనిఖీ అధికారిణి గుమ్మంలో నిలబడి ఉంది. ప్రమాద హెచ్చరికను పట్టించుకోవద్దని చెబుతున్న భద్రతాధికారిని ఆవిడ ఉద్యోగజీవితంలో మొదటిసారి చూస్తోంది కాబోలు, ఈసారి చాలాసేపు రాసుకుంది. అంతలో స్పీకర్లు గరగరలాడాయి.

"ఏయ్! తెల్లారి ఎంతసేపైంది? ఇంకా కూర్చునే ఉన్నారా? లేవండి! లేవమన్నానా!"

ఐదంతస్తుల్లోనూ కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగిన చప్పుడైంది. లేవాలని ఎవరూ నిర్ణయించుకోలేదు, కాళ్ళే లేచాయి. మేనేజరు టీ కప్పుతో సహా అటెన్షన్‌లో నిలబడ్డాడు. ఫోనులో మాట్లాడుతున్న ఆయన, "తర్వాత చేస్తాను, టీచర్ వచ్చింది" అని పెట్టేశాడు.

"బయటికి పదండి! ఒకదాని వెనక ఒకటి! తోసుకున్నారంటే ఊరుకోను! మధ్యలో ఆగి ఏరుకోవడాలు, గోక్కోవడాలు ఏమీ లేవు!"

సంచులూ చెప్పులూ ఏరుకుంటున్నవాళ్ళు వాటిని అక్కడే వదిలేశారు. తల గోక్కుంటున్న ఒకాయన చెయ్యి దించేశాడు. మెట్ల మీద చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దంగా, ఒకరి వెనక ఒకరు దిగారు. లిఫ్టు వంక చూసే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది. జీతాల విభాగం మూలలో మాత్రం స్తంభం కూర్చునే ఉన్నాడు. రెండు చేతులతో బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. ఆయన తనతో తాను పోరాడుతున్నట్టు ముఖమే చెబుతోంది.

"ఆ మూల కదలకుండా కూర్చున్న లావుపాటిదీ! నీకే చెప్పేది! నన్ను లోపలికి రమ్మంటావా?"

"వద్దండీ, వస్తున్నా!" అని స్తంభం స్పీకరుకు సమాధానం చెప్పి, కుర్చీ వెనక్కి పడిపోతున్నా చూడకుండా బయటికి నడిచాడు.

ఆవరణలో స్పీకర్లు నాలుగో ముక్క అందుకున్నాయి. "వరసలో నిలబడండి! రెక్కలు ఒంటికి దగ్గరగా పెట్టుకోండి! నేను లెక్కపెట్టేదాకా ఒక్కటి కదిలినా చూసుకోండి మరి!"

శాఖ మొత్తం మోచేతులు డొక్కలకు ఆనించి నిలబడింది. పాలసీ పని మీద వచ్చినవాళ్ళు కూడా నిలబడ్డారు. గేటు ముందు నుంచి సైకిలు మీద పోతున్న ఒకాయన దిగి, సైకిలుకు స్టాండు వేసి, వరస చివర్లో చేరాడు. తనిఖీ అధికారిణి రాసుకుందామని చూసింది గానీ, ఆవిడ మోచెయ్యి కూడా డొక్కనుంచి కదల్లేదు. అందరికంటే వెనక నిలబడ్డ భద్రతాధికారికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగం, ఇన్ని నంబర్లు, ఇన్ని జాగ్రత్తలు కోళ్ళపాలయ్యాయి. గోడౌనులో ఎన్ని అరలుంటాయో, వాటికి ఎక్కడి నుంచి నంబర్లు వేయడం మొదలుపెట్టాలో అప్పుడే మనసులో లెక్క వేసుకోసాగాడు.

"ఇక లోపలికి పదండి! ఇవాళ ఎవరు గుడ్డు పెట్టలేదో నాకు బాగా తెలుసు. వాళ్ళ సంగతి రేపు పొద్దున చూస్తాను."

ఎవరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. తలలు దించుకుని లోపలికి వెళ్ళి తమ తమ కుర్చీల్లో కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం చాలాకాలంగా కదలని ఫైళ్ళు కదిలాయి. స్తంభం అయితే ఎప్పటినుంచో అడుగున పడి ఉన్న కట్టను తనంతట తానే పైకి తీశాడు.

తనిఖీ అధికారిణి భద్రతాధికారిని గదిలోకి పిలిపించింది. మేనేజరు కూడా అక్కడే, కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"ఆ గొంతు ఎవరిది?"

అబద్ధం చెప్పే ఓపిక అతనికి లేదు. "మా అత్తగారిదండీ."

"ఏం చేస్తారు ఆవిడ?"

"ఆడపిల్లల బడిలో పీటీ టీచరుగా రిటైరయ్యారు. ఇప్పుడు కోళ్ళు... ఇప్పుడు విశ్రాంతిగా ఉన్నారు."

ఆవిడ కాగితాలు బల్లమీద పెట్టింది. "ఎన్నో శాఖలు తిరిగాను. ఎక్కడా ఇంత త్వరగా భవనం ఖాళీ అవడం చూళ్ళేదు. నేనూ దిగాను, దిగాలని అనుకోలేదు. పైగా మీరు ముందే వెళ్ళి, పట్టించుకోవద్దని కూడా చెప్పారు. అయినా అందరూ కదిలారు. ఇంత కఠినమైన పరీక్ష పెట్టే ధైర్యం ఏ భద్రతాధికారికీ లేదు."

అతను నోరు తెరిచాడు. మేనేజరు అతని కాలు తొక్కాడు. నోరు మూసుకున్నాడు.

"మీరు ఇక్కడే ఉంటారు" అందావిడ. "గోడౌనుకు ఇంకెవరినైనా చూస్తాం. మీ అత్తగారు ఒప్పుకుంటే, ఆ ఐదు ఫైళ్ళనూ కాపీ చేసి అన్ని శాఖలకూ పంపండి. ఒక్క ముక్క కూడా మార్చొద్దు."

"గుడ్డు కూడానా మేడమ్?"

"గుడ్డే ముఖ్యం."

సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి వంటింటి డబ్బాల మీద నంబర్లు లేవు. వాటి స్థానంలో గుండ్రటి అక్షరాలతో ఉప్పు, చక్కెర, పసుపు అని అతికించి ఉన్నాయి. భార్య చేతులు కట్టుకుని, అతను ఏమంటాడో అని చూస్తోంది. అతను ఏమీ అనలేదు. ఆ మౌనం చూసి ఆమె కంగారుపడి, "ఆఫీసులో ఏమైనా అయిందా?" అని అడిగింది. జరిగిందంతా చెప్పాడు. ఆమె నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. అత్తగారు మాత్రం నవ్వలేదు, శ్రద్ధగా విన్నది.

"అందరూ కదిలారా?"

"అందరూ అత్తయ్యగారూ."

"ఆ లావుపాటిది?"

"మీకు సమాధానం చెప్పి మరీ కదిలింది."

ఆవిడ తృప్తిగా తలాడించింది. "ఊళ్ళన్నిటికీ పంపేటట్టయితే ఐదోది మళ్ళీ చెబుతానుండండి. కోళ్ళే కదా అని కొంచెం ముద్దుగా చెప్పేశాను."

మార్చకూడదన్నారని ఆవిడకు నచ్చజెప్పేసరికి అతని తలప్రాణం తోకకొచ్చింది. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆట మూశాడు. నకళ్ళు తీశాడు. ఒక ఫోల్డరుకు 'కోళ్ళు' అనీ ఇంకొకదానికి 'ఉద్యోగులు' అనీ పేర్లు పెట్టాడు. జన్మలో మొదటిసారి పేర్లు పెడుతున్నాడు కనుక ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. ఈసారి లెక్కపెట్టి ఊరుకోకుండా ఒక్కో ఫైలూ విన్నాడు. మొదటి ఫైలు వినిపించగానే అతనూ భార్యా ఇద్దరూ లేచి నిలబడ్డారు. ఇంతా చేశాక చూస్తే రెండు ఫోల్డర్లలోనూ అవే ఐదు ఫైళ్ళు. ఇక ఏది ఎక్కడికి వెళ్ళినా భయం లేదు.

శాఖలన్నిటికీ ఫైళ్ళు వెళ్ళాయి. కొద్దిరోజులకు ఒక శాఖ మేనేజరు అతనికి ఫోను చేశాడు. డ్రిల్ అద్భుతంగా జరిగిందన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ చివర్లో గుడ్డు పెట్టడం అంటారు చూశారూ, అంటే మేం సరిగ్గా ఏం చేయాలండీ?" అని అడిగాడు. భద్రతాధికారి కనుక్కుని చెబుతానని, ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారిని అడిగాడు.

"అడిగారంటే పెట్టడం లేదన్నమాటే" అంది ఆవిడ.

మర్నాడు అతను ఆ సమాధానాన్ని ఒక్క ముక్క మార్చకుండా చేరవేశాడు. ఆ శాఖ ఆ నెల పనంతా ఆ వారంలోనే ముగించింది.